సెన్సస్ డేటా సైట్ రివ్యూ: పల్లెటూరి కౌంటీలో పెద్దవాళ్ళ చదువుల లెక్క ఎంతవరకు నమ్మొచ్చు

అమెరికాలో ఉద్యోగం వచ్చి ఊరు మారాల్సొస్తే మనవాళ్ళు ముందు స్కూల్ రేటింగులు చూస్తారు, తర్వాత ఇళ్ళ రేట్లు, ఆ తర్వాత ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో ఒక అంకె పడేస్తారు, ఆ కౌంటీలో (మన జిల్లాలాంటిది) డిగ్రీ ఉన్నవాళ్ళు పద్నాలుగు శాతమేనంట, అక్కడికెందుకు వెళ్తున్నారు బాబూ అని. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవర్ని అడిగితే వచ్చింది అని మాత్రం గ్రూపులో ఒక్కళ్ళూ అడగరు. చాలావరకు అది సెన్సస్ బ్యూరో, అంటే అమెరికా జనాభా లెక్కల శాఖ నుంచి వచ్చిందే అయ్యుంటుంది. వాళ్ళ డేటా సైట్ ఉంది కదా, డేటా డాట్ సెన్సస్ డాట్ గవ్, ఈ రివ్యూ దాని గురించే. అది కూడా పల్లెటూరి కౌంటీల చదువుల లెక్క వరకే రాస్తున్నా, జనాభా ఇళ్ళు జీతాలు అన్నీ కలిపి రాయాలంటే నా వల్ల కాదు.

ముందే చెప్పేస్తున్నా, నా రేటింగ్ ఐదుకి నాలుగు. పైసా ఖర్చు లేదు, లాగిన్ అక్కర్లేదు, మీ ఈమెయిల్ ఐడీ పట్టుకుని రోజూ వెంటపడరు, దేశంలో ఏ మూల కౌంటీ అడిగినా టేబుల్ తెరిచి ఇస్తుంది. ఒక స్టార్ ఎందుకు కోశానంటే చిన్న కౌంటీ దగ్గరకొచ్చేసరికి అంకె ఇస్తుంది గానీ దాన్ని ఎలా చదవాలో ఆ అంకె పక్కనే చెప్పదు, ఆ వివరాలన్నీ ఉన్నాయి కానీ వేరే పేజీల్లో పెద్ద పెద్ద పీడీఎఫుల్లో ఉన్నాయి, అంత ఓపికగా వెళ్ళి చదివేది ఎవరు చెప్పండి.

నాకు దీంతో పనేంటంటే, మా ఆయన డాక్టరు, డాక్టర్లు దొరకని ఏరియాలో మూడేళ్ళు పనిచేస్తే వీసా వేవర్ (సొంత దేశానికి తిరిగి వెళ్ళాలనే షరతు నుంచి మినహాయింపు) ఇస్తారు కదా, అలా ఒక చిన్న కౌంటీకి వచ్చి పడ్డాం. ఇక్కడ లైబ్రరీలో సాయంత్రాలు పెద్దవాళ్ళకి జీఈడీ (హైస్కూల్ మధ్యలో మానేసినవాళ్ళు రాసే పరీక్ష) క్లాసులు జరుగుతాయి, ఇంట్లో ఊరికే కూర్చోలేక లెక్కలు చెప్పడానికి వెళ్తున్నా. ఆ క్లాసులకి గ్రాంట్ అడుగుతూ అప్లికేషన్ పెట్టినప్పుడల్లా మీ కౌంటీలో హైస్కూల్ పూర్తి చెయ్యని పెద్దవాళ్ళు ఎంతమంది అనే ప్రశ్న తప్పకుండా ఉంటుంది, కంప్యూటర్‌లో వెతకాల్సిన పని అనగానే అందరూ నా వైపే చూస్తారు. (మనవాళ్ళంటే అందరూ సాఫ్ట్‌వేరే అనుకుంటారు ఇక్కడ, నేను చదివింది బీకాం.) అలా ఈ సైట్‌లో తిరగడం అలవాటైపోయింది.

మొదట క్విక్‌ఫ్యాక్ట్స్ సంగతి. అది కూడా సెన్సస్ వాళ్ళదే, కౌంటీ పేరు కొడితే ఒక పేజీ నిండా అంకెలొస్తాయి, చదువు గురించి అందులో రెండే లైన్లు. 25 ఏళ్ళు దాటినవాళ్ళలో హైస్కూల్ లేదా అంతకంటే ఎక్కువ చదివినవాళ్ళు ఎంత శాతం, బ్యాచిలర్స్ లేదా అంతకంటే ఎక్కువ ఎంత శాతం. అంతే. దేశం మొత్తానికి 2019–2023 లెక్కలో మొదటిది 89% దాకా, రెండోది 35% దగ్గర. మీ కౌంటీ అంకెని దీని పక్కన పెట్టుకుని తక్కువుందో ఎక్కువుందో చూసుకోవచ్చు, ఒక్క నిమిషం పని. వాట్సాప్‌లో తిరిగేది కూడా ఈ రెండో లైనే. తొందర్లో ఉంటే సరే, కానీ ఈ రెండు లైన్లు చూసి ఒక ఊరి గురించి మాట్లాడేయడం నాకు ఒళ్ళుమంట.

అసలు సరుకు డేటా సైట్‌లో ఉంది. సెర్చ్‌లో ఎస్1501 అని కొట్టి పక్కన కౌంటీ పేరు పెట్టండి చాలు, ఎడ్యుకేషనల్ అటైన్‌మెంట్ అనే టేబుల్ వస్తుంది. ఊరికే ఎడ్యుకేషన్ అని కొడితే స్కూల్లో చేరిన పిల్లల లెక్కలు, ఏ సబ్జెక్టులో డిగ్రీ చేశారు, ఇలా పొలోమని టేబుళ్ళు వచ్చి పడతాయి, వాటిల్లో మనక్కావాల్సింది ఏదో తేల్చుకునేసరికి విసుగొస్తుంది, అందుకే కోడ్ గుర్తుపెట్టుకోమంటున్నా. ఫోన్‌లో వద్దు, కాలమ్స్ పక్కకి జరుపుకుంటూ పోవాలి, లాప్‌టాప్‌లోనే చూడండి.

ఈ టేబుల్‌లో నాకు బాగా నచ్చింది వయసుల వారీగా విడగొట్టడం. 18 నుంచి 24 వాళ్ళు వేరు, తర్వాత 25–34, 35–44, 45–64, 65 దాటినవాళ్ళు ఇలా. మగ ఆడ వేరే కాలమ్స్. కింద ఇంకా దిగితే ఏ చదువు వాళ్ళ సంపాదన ఎంత, ఏ చదువు వాళ్ళలో పేదరికం ఎంత, అది కూడా ఇచ్చారు. చాలామంది పైన ఒక అంకె చూసి మూసేస్తారు, కిందకి స్క్రోల్ చెయ్యరు.

వయసుల సంగతి ఎందుకు ముఖ్యమో కొంచెం చెప్తా. ఈ లెక్కలో ఇవాళ 80 ఏళ్ళున్న తాతగారూ ఉంటారు, నిన్న 25 నిండిన కుర్రాడూ ఉంటాడు. ఆ తాతగారు బడి మానేసింది 1960ల్లో. ఈ దేశంలో సెన్సస్‌లో చదువు ఎంతవరకు అని అడగడం మొదలుపెట్టిన 1940లో 25 దాటినవాళ్ళలో హైస్కూల్ పూర్తిచేసినవాళ్ళు నాలుగో వంతు కూడా లేరు, 1970కి వచ్చేసరికి సగం దాటింది, ఇప్పుడేమో పదికి తొమ్మిది మంది. అంటే వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువున్న కౌంటీ ఏదైనా సరే, అక్కడి బడి ఇవాళ ఎంత బాగా నడుస్తున్నా, మొత్తం అంకె మాత్రం పాత కాలాన్ని మోసుకుని తిరుగుతూనే ఉంటుంది. పల్లెటూరి కౌంటీల్లో వయసు మళ్ళినవాళ్ళే కదా ఎక్కువ. గనుల్లోనో మిల్లుల్లోనో పొలాల్లోనో పదహారేళ్ళకే పని దొరికిన రోజుల్లో బడి మానేయడం వాళ్ళకి పెద్ద తప్పుగా అనిపించలేదు, ఆ జీతంతోనే ఇల్లు కట్టుకున్నారు పిల్లల్ని పెంచుకున్నారు.

ఇంకొకటి, వెళ్ళిపోయినవాళ్ళ లెక్క. ఇది ఏ టేబుల్‌లోనూ కనపడదు. ఊళ్ళో హైస్కూల్‌లో బాగా చదివిన పిల్ల స్టేట్ యూనివర్సిటీకి వెళ్తుంది, డిగ్రీ అయ్యాక ఉద్యోగం సిటీలో, అక్కడే పెళ్ళి అక్కడే ఇల్లు, ఆ అమ్మాయి డిగ్రీ సిటీ ఉన్న కౌంటీ ఖాతాలో పడుతుంది, చదువు చెప్పిన టీచర్లు మాత్రం ఇక్కడ. మన పల్లెల్లో జరిగేది కూడా ఇదే కదా, ఊళ్ళో బడిలో ఫస్టొచ్చినవాళ్ళు ఎవరూ ఊళ్ళో లేరు. వెస్ట్ వర్జీనియాలో మెక్‌డవెల్ కౌంటీ అని ఉంది, బొగ్గు గనుల కౌంటీ, 1950లో 98,887 మంది జనం, 2020 సెన్సస్‌లో 19,111. గనుల్లోకి యంత్రాలు వచ్చాయి, పెద్ద కంపెనీలు తప్పుకున్నాయి, ఐదింట నాలుగు వంతుల జనం లేకుండా పోయారు. ఇప్పుడక్కడ బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్న పెద్దవాళ్ళు పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు. దాన్ని చూసి అక్కడివాళ్ళకి చదువబ్బదు అనేస్తే ఎలా? డిగ్రీ అడిగే ఉద్యోగం ఆ కౌంటీలో ఎన్నున్నాయి, అది కదా ముందు అడగాల్సింది. న్యూ మెక్సికోలో లాస్ అలమోస్ ఉంది, అది కూడా చిన్న కౌంటీయే, 2020లో 19,419 మంది, దాదాపు మెక్‌డవెల్ అంత జనమే, కానీ అక్కడ పెద్దవాళ్ళలో మూడింట రెండొంతుల మంది దాకా బ్యాచిలర్స్ పైనే, పీహెచ్‌డీలు కుప్పలు. కారణం అందరికీ తెలిసిందే, 1943లో అణుబాంబు కోసం పెట్టిన ల్యాబ్ ఇంకా అక్కడే ఉంది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఒహాయోలో హోమ్స్ కౌంటీ. అక్కడ 25 దాటినవాళ్ళలో పదిమందికి నలుగురి దాకా హైస్కూల్ డిప్లొమా లేదు. మామూలుగా అయితే అంకె చూసి అయ్యో అనుకుంటాం. విషయమేంటంటే అక్కడ సగానికి దగ్గరగా ఆమిష్ జనం (పాత పద్ధతుల్లోనే బతికే ఒక క్రైస్తవ శాఖ), వాళ్ళు ఎనిమిదో క్లాసుతో బడి ఆపేస్తారు, అలా ఆపుకునే హక్కు మతపరంగా వాళ్ళకుందని 1972లో సుప్రీం కోర్టు యోడర్ కేసులో తీర్పిచ్చింది. వడ్రంగం, ఫర్నిచర్, పాడి, ఎవరి పని వాళ్ళకుంది, ఒహాయోలో నిరుద్యోగం అతి తక్కువగా ఉండే కౌంటీల్లో అదొకటి. అదే అంకె టెక్సస్ బోర్డర్‌లో ఒక కౌంటీలో కనపడితే కథ పూర్తిగా వేరు, అక్కడ పొలం పనులకి వలస వచ్చినవాళ్ళు, వాళ్ళ చిన్నప్పటి బడి వేరే దేశంలో, భాష వేరు. సైట్‌కి ఇవన్నీ తెలియవు, తెలియాలని కూడా నేననను, దాని పని లెక్కపెట్టడం వరకే. చూసేవాళ్ళకి మాత్రం తెలియాలి.

ఇక మా జీఈడీ క్లాసులకి నిజంగా పనికొచ్చిన టేబుల్ బి15003. పేరు చూసి భయపడొద్దు, ఎస్1501కి ఇది అన్నలాంటిది. ఎస్1501లో తొమ్మిదో క్లాసు లోపు అని ఒక ముద్ద, తొమ్మిది నుంచి పన్నెండు వరకు డిప్లొమా లేనివాళ్ళు అని ఇంకో ముద్ద చేసి పెడతారు. బి15003లో అలా కాదు, అసలు బడికే వెళ్ళనివాళ్ళ దగ్గర్నుంచి డాక్టరేట్ దాకా 24 వరుసలు, ఒక్కో క్లాసుకి ఒక్కో వరుస. మా క్లాసు పెట్టినావిడ ఎప్పుడూ తల పట్టుకునేది, బేసిక్ చదవడం రాయడం క్లాసు పెట్టాలా లేక పరీక్ష ప్రిపరేషన్ క్లాసు పెట్టాలా అని, ఎందుకంటే ఇద్దరికీ ఒకే టీచరూ ఒకే గదీ కుదరవు. ఈ టేబుల్‌లో పదకొండో క్లాసు వరుస, పన్నెండో క్లాసు చదివి డిప్లొమా రానివాళ్ళ వరుస చూస్తే ఎంతమంది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారో తెలిసిపోతుంది, వాళ్ళకి ప్రిపరేషన్ చాలు. ఐదు ఆరు క్లాసుల దగ్గర ఆగినవాళ్ళ వరుసలు బరువుగా ఉంటే మొదలు వేరే దగ్గర పెట్టాలి.

ఇంకో మంచి పని, మామూలు హైస్కూల్ డిప్లొమా ఒక వరుస, జీఈడీ లాంటివి ఇంకో వరుస, విడిగా ఇచ్చారు. 2008 నుంచి సర్వేలో ఈ రెండూ విడివిడిగా అడుగుతున్నారు. తెలియనివాళ్ళ కోసం, ఈ జీఈడీ పరీక్ష 1942లో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన సోల్జర్ల కోసం మొదలైంది, ఇప్పుడు లెక్కలు, ఇంగ్లీషు, సోషల్, సైన్స్ నాలుగు పేపర్లు, 2014 నుంచి కంప్యూటర్ మీదే, ఒక్కోదాంట్లో 145 రావాలి. మావాళ్ళకి మిగతా మూడూ ఎలాగో అయిపోతాయి, లెక్కల దగ్గరే అందరూ కూలబడతారు, దాన్ని కూడా కంప్యూటర్ మీద రాయాలంటే ట్రక్కు తోలినవాళ్ళకి మౌస్ పట్టుకోవడమే ఒక పరీక్ష. సరే మళ్ళీ టేబుల్‌కి వస్తా. ఆ జీఈడీ వరుస చూపిస్తే గ్రాంట్ ఇచ్చేవాళ్ళకి ఈ కౌంటీలో ఇప్పటికే ఇంతమంది ఈ దారిలో పైకొచ్చారు అని చెప్పుకోవచ్చు. క్విక్‌ఫ్యాక్ట్స్‌లోనూ ఎస్1501లోనూ వీళ్ళు హైస్కూల్‌లో కలిసిపోతారు, కనపడరు.

కాలేజీలో చేరి డిగ్రీ రానివాళ్ళ వరుసలు కూడా రెండున్నాయి, ఏడాది లోపు మానేసినవాళ్ళు, ఏడాది పైన చదివి మానేసినవాళ్ళు. దేశం మొత్తం మీద ఈ రెండూ కలిపితేనే ఐదో వంతు దగ్గరకి వస్తారు. నన్నడిగితే పల్లెటూరి కౌంటీకి ఇవే అసలైన వరుసలు. కాలేజీ అప్పు ఉంది, డిగ్రీ లేదు, కారు చెడిపోతే కాలేజీకి వెళ్ళే దారి లేదు, ఆ టైముకి పిల్ల పుట్టింది, ఇట్లాంటివాళ్ళు. ఎవరైనా కమ్యూనిటీ కాలేజీవాళ్ళు ఇది చదువుతుంటే హైస్కూల్ పిల్లల వెంట పడేకంటే ముందు ఈ వరుసలు చూడండి.

ఇప్పుడు ఆ కోసిన స్టార్ గురించి. ఈ అంకెలు పదేళ్ళకోసారి ఇంటింటికీ చేసే సెన్సస్‌వి కావు. అమెరికన్ కమ్యూనిటీ సర్వే అని ఏటా దాదాపు 35 లక్షల అడ్రస్‌లకి పంపే సర్వే నుంచి వస్తాయి. ముందు పదేళ్ళ సెన్సస్‌లోనే కొంతమందికి పెద్ద ఫారం ఇచ్చి చదువు గురించి అడిగేవారు, 2000 తర్వాత అది ఆపేశారు, 2005 నుంచి ఈ సర్వే దేశమంతా నడుస్తోంది. 65,000 పైన జనం ఉన్న చోట్లకి ఏడాది ఏడాదికి అంకెలొస్తాయి, అంతకంటే చిన్నవాటికి ఐదేళ్ళ జవాబులు కలిపి ఒక అంకె ఇస్తారు. పల్లెటూరి కౌంటీల్లో ఎక్కువభాగం ఈ రెండో రకం. అంటే 2019–2023 అంకెలో కోవిడ్‌కి ముందు జవాబిచ్చినాయనా ఉన్నాడు, తర్వాత జవాబిచ్చినావిడా ఉంది. ఈ ఏడాది మీ కౌంటీ ఎలా ఉంది అని అడిగితే సైట్ దగ్గర జవాబు లేదు.

పైగా శాంపిల్ కాబట్టి పక్కనే ± గుర్తుతో ఇంకో కాలమ్ ఉంటుంది, మార్జిన్ ఆఫ్ ఎర్రర్. టేబుల్ పైన బటన్ నొక్కితే ఆ కాలమ్ మాయమవుతుంది, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని చాలామంది తీసేస్తారు, దయచేసి తీయొద్దు. ఊరికే అనుకుందాం, ఒక కౌంటీలో బ్యాచిలర్స్ 18.0%, పక్కన ±3.5 అని ఉంది. అంటే అసలు సంగతి 14.5 నుంచి 21.5 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అది కూడా 90% నమ్మకంతో చెప్పేమాట. ఐదేళ్ళ కింద అదే కౌంటీది 15.2%, ±3.0. పేపర్లో ఏం రాస్తారు, డిగ్రీలు దాదాపు మూడు శాతం పెరిగాయి, స్కీము సక్సెస్ అని. కానీ తేడా 2.8, ఆ రెండు మార్జిన్‌లనీ స్క్వేర్ చేసి కలిపి రూట్ తీస్తే 4.6 వస్తుంది, తేడా అంతకంటే తక్కువ, అంటే నిజంగా పెరిగిందో శాంపిల్‌లో పడినవాళ్ళు మారారో చెప్పలేం. ఈ లెక్క మా జీఈడీ వాళ్ళకి బోర్డు మీద చేసి చూపించా, కౌంటీ ఆఫీసులో చెప్పే మాటలకంటే ఇదే నయం అన్నారు, నవ్వుకున్నాం.

టెక్సస్‌లో లవింగ్ కౌంటీ అని 2020 సెన్సస్‌లో 64 మంది ఉన్నారు, మొత్తం కౌంటీకి. దానికి కూడా సైట్ శుభ్రంగా ఎస్1501 టేబుల్ ఇస్తుంది, వయసుల వారీగా, మగ ఆడ వారీగా. ఇలాంటి చోట శాతాల టేబుల్ తెరవగానే ఎర్రగా ఒక హెచ్చరిక పెట్టొచ్చు కదా అని నా బాధ. రేస్ (జాతి) వారీగా ఉండే టేబుళ్ళు కూడా ఇంతే, చిన్న కౌంటీలో మార్జిన్ అసలు అంకె కంటే పెద్దదిగా కనపడుతుంది, వాటి మీద వాదనలు పెట్టుకోవద్దు.

ఏళ్ళు పోల్చేటప్పుడు ఇంకో సంగతి, 2018–2022ని 2019–2023తో పోల్చకండి, నాలుగేళ్ళ జవాబులు రెండింట్లోనూ అవే. 2014–2018ని 2019–2023 పక్కన పెట్టండి, అది సరైన జోడీ.

జైళ్ళ విషయం కూడా చెప్పాలి. పల్లెటూరి కౌంటీల్లో స్టేట్ జైళ్ళు చాలా ఉన్నాయి, ఈ సర్వేలో జైల్లో ఉన్నవాళ్ళు కూడా ఆ కౌంటీ జనం కిందే లెక్క. పది పదిహేను వేల మంది ఉన్న కౌంటీలో వెయ్యిన్నర మంది ఖైదీలుంటే, వాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే, బడి మధ్యలో మానేసినవాళ్ళు మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ, అప్పుడు మొత్తం అంకె ఎలా ఉంటుందో ఊహించుకోండి. చిన్న చిట్కా, మగవాళ్ళ కాలమ్‌లో అంకె ఆడవాళ్ళ కాలమ్ కంటే బాగా తక్కువుంటే ఆ కౌంటీలో జైలేమైనా ఉందేమో చూడండి. పల్లెల్లో మామూలుగానే ఆడవాళ్ళు కొంచెం ఎక్కువ చదివుంటారు, కానీ తేడా మరీ ఎక్కువుంటే అనుమానించాలి.

ఈ టేబుల్‌లో దొరకనిది సర్టిఫికెట్ చదువులు. కరెంటు లైన్‌మ్యాన్, వెల్డర్, నర్సింగ్ అసిస్టెంట్, పెద్ద ట్రక్కు లైసెన్స్, వీటికి ట్రైనింగ్ చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళకి విడిగా ఒక వరుస లేదు, హైస్కూల్ దగ్గరో సగం కాలేజీ దగ్గరో ఉండిపోతారు. మా పక్కింటాయన లైన్‌మ్యాన్, తుఫానొస్తే రాత్రికి రాత్రి స్తంభాలెక్కుతాడు, సంపాదన నా బీకాం ఎప్పుడూ చూడనంత, కానీ ఈ లెక్కలో ఆయన హైస్కూల్ వరుస, నేను బ్యాచిలర్స్ వరుస. అవును, బయటి దేశంలో చదివింది కూడా ఇక్కడి సమానమైన చదువు కింద రాసుకోవచ్చు, ఎక్కడ చదివావని ఈ ప్రశ్న అడగదు. మా ఆయనలాంటి డాక్టర్లు ప్రొఫెషనల్ డిగ్రీ వరుసలో పడతారు. హాస్పిటల్‌కి నలుగురు డాక్టర్లొచ్చి, వాళ్ళిళ్ళకే సర్వే ఫారాలొచ్చాయనుకోండి, చిన్న కౌంటీలో ఆ వరుస ఒక్కసారిగా పైకి లేస్తుంది. సర్వే ఫారం వస్తే మాత్రం పారేయకండి, జవాబివ్వడం చట్టప్రకారం తప్పనిసరి, మన వివరాలు బయటికి ఇవ్వకూడదని కూడా చట్టంలోనే ఉంది.

దీనికి బదులు వేరేవి ఉన్నాయా అంటే రెండున్నాయి. వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏలో ఎకనామిక్ రీసెర్చ్ సర్వీస్ అని ఉంది, వాళ్ళు దేశంలో అన్ని కౌంటీల పెద్దవాళ్ళ చదువుల లెక్కలూ 1970 నుంచి ఒకే ఫైల్‌లో పెట్టారు. 24 వరుసలుండవు, నాలుగు ముద్దలే, కానీ యాభై ఏళ్ళ కథ ఒకే లైన్లో కనపడుతుంది, ఎక్సెల్ వచ్చినవాళ్ళకి సెన్సస్ సైట్ కంటే ఇదే హాయి. ఏది పల్లెటూరి కౌంటీ ఏది సిటీ కౌంటీ అనేదానికి కోడ్‌లు కూడా వాళ్ళవే, ఒకటి నుంచి తొమ్మిది దాకా. 25 నుంచి 64 ఏళ్ళవాళ్ళలో 20% లేదా అంతకంటే ఎక్కువమందికి హైస్కూల్ లేని కౌంటీలని 2015లో విడిగా గుర్తు పెట్టారు, అలాంటివి నాలుగు వందల పైన తేలాయి, చాలావరకు సౌత్‌లో, చాలావరకు పల్లెల్లో. 65 దాటినవాళ్ళని పక్కన పెట్టి లెక్కేశారు చూడండి, అదీ తెలివంటే. రెండోది పియాక్ (పెద్దవాళ్ళ నైపుణ్యాలు కొలిచే సర్వే) స్కిల్స్ మ్యాప్, సర్టిఫికెట్ ఉందా లేదా అని కాకుండా చదవగలరా లెక్కలు చెయ్యగలరా అనేది కౌంటీల వారీగా చూపిస్తుంది. ఐడియా చాలా బాగుంది, అయితే ప్రతి కౌంటీలోనూ పరీక్ష పెట్టి చేసింది కాదది, కొద్దిమందికి పెట్టిన పరీక్షల నుంచి మోడల్ కట్టి వేసిన అంచనా.

మా అప్లికేషన్‌లో చివరికి బి15003 నుంచి డిప్లొమా లేనివాళ్ళ వరుసలన్నీ కలిపి ఒక సంఖ్య, దాని పక్కన మార్జిన్, కింద ఎస్1501 నుంచి 25–34 వయసువాళ్ళ అంకె విడిగా పెట్టాం. మార్జిన్ ఎందుకు, తీసేస్తే బాగుంటుంది కదా అని ఒకరన్నారు, నేను ఒప్పుకోలేదు. శాతం కంటే మనుషుల సంఖ్యే ముందు రాయమన్నా, గ్రాంట్ ఇచ్చేవాళ్ళు కుర్చీలు ఎన్ని వెయ్యాలో ఆలోచిస్తారు కాబట్టి.

పిల్లల కోసం కౌంటీ వెతుక్కునేవాళ్ళకి మాత్రం ఈ సైట్ పనికిరాదు. అక్కడి పెద్దవాళ్ళలో ఎంతమందికి డిగ్రీ ఉందనేది మీ పిల్లాడి బడి ఎలా ఉందో చెప్పదు. దానికి ఆ స్టేట్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ సైట్‌కి వెళ్ళి తొమ్మిదో క్లాసులో చేరినవాళ్ళలో నాలుగేళ్ళకి ఎంతమంది డిప్లొమా తీసుకున్నారో స్కూల్ వారీగా చూడండి, ప్రతి స్టేటూ పెడుతుంది. ఆ సైట్లు ఒక్కో స్టేట్‌కి ఒక్కోలా ఉంటాయి, వాటి రివ్యూ రాయమని మాత్రం అడగొద్దు.